మగ్గం గుంత, పాయఖాన గుంత

పాయఖానల గురించి రాస్తాన అని తెలిసి మా ఆమె మొకం ముడుసుకున్నది. "రాస్తె రాయి గని, నేను బువ్వ తినంగ సదివి ఇనిపియ్యకు" అన్నది. ఈ ఇంట్ల మనకు బువ్వ పెట్టింది ఆ పాయఖానలే గదనే అంటె, "పెట్టినయి, దండం. ఇగ ఇడిసిపెట్టు" అన్నది. మాటల ఆమెను గెలుసుడు నాతోని కాదు గని, రాసుడైతె ఆపలె.

నేను వరంగల్ల శానిటరీ ఇన్స్పెక్టర్‌గ పని చేసిన. డెబ్బైలల్ల పోరగాన్నిగ చేరిన, ఎనభైలు అయిపోయేటాలకు నెత్తి నెరుసుడు మొదలైంది. ఇప్పుడు ఆ నౌకరిల కొత్తగ చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తాన్రు. లోతెంత ఉండాలె, పైపు వాటమెంత ఉండాలె అని అడుగుతరు. అవన్ని పుస్తకంల ఉంటయి బిడ్డా. నా ప్రమోషన్లు, నా మీద పడ్డ మెమోలు చెప్పుకుంట కూసుంటె మీకు నిద్ర వస్తది. ఒక గల్లీ సంగతి చెప్త. ఆ గల్లీ నాకు నేర్పినంత ఏ ట్రైనింగు నేర్పలె.

ఎనుక సందు

మగ్గాల గల్లీ అనేటోళ్లం దాన్ని. ఇంటింటికి మగ్గం, పొద్దుగాల నుంచి మాపటి దాక టకటక సప్పుడు. ఎనుమాముల మార్కెట్టుకు మిరపకాయ బండ్లు పోతాంటె ఆ ఘాటుకు గల్లీ గల్లీ తుమ్మేది, తుమ్ముకుంటనే నేసేటోళ్లు. ఇండ్ల ముందట ఎంత ముచ్చటగ ఉండేదో, ఎనుక అంత రోత. ఎనుక ఒక ఇరుకు సందు. ప్రతి పాయఖానకు కింద, సందు దిక్కు, ఒక చిన్న తలుపు. పొద్దు పొడవకముందే ఎల్లవ్వ ఆ తలుపులు తీసి, రేకుతోని గీకి, తట్టలకు ఎత్తి, నెత్తి మీద పెట్టుకొని నడిసేది. వానకాలం తట్ట కారేది. ఇంతకంటె చెప్ప, మా ఆమె అన్నట్టు మీకు బువ్వ పోదు.

ఎల్లవ్వ పెండ్లై వచ్చిన కాడి నుంచి అదే పని. ఆమె అత్త చేసింది, అత్తకు అత్త చేసింది. నేను మొదటిసారి ఆ సందులకు పోయిన్నాడు ముక్కుకు దస్తి అడ్డం పెట్టుకున్న. ఆమె చూసి నవ్వింది. "దస్తి తియ్యి సారూ. ముక్కు మూసుకుంటె నోట్లెకెల్లి లోపటికి పోతది, గది ఇంక ఖరాబు" అన్నది. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, గని ఆ మాటకు నాకే నవ్వొచ్చింది. ఏడ్సుకుంట మాట్లాడంగ ఆమెను నేను ఎన్నడు చూడలె. ఆ గల్లీల ఎవ్వలింటికి గూడ ఆమె ముందటి తలుపు నుంచి పోయింది లేదు.

మనం పోయినంక నడుస్తదా?

దశరథం సారు మాకు ఇంజనీరుగ వచ్చిండు. నర్సంపేట దిక్కు ఎవుసం చేసేటోళ్ల బిడ్డ. పొట్టిగ ఉంటడు, చెప్పులకు ఎప్పుడు మన్నే. ఆయన రాకముందు నేను ఒక ఆఫీసరును చూసిన, పేరెందుకు గని, బండ మీద పేరు చెక్కిచ్చుకుంటె పని అయిపోయినట్టే అనుకునే రకం. బండ ఉంటది, పేరు ఉంటది, పక్కన నల్ల ఉంటది, నీళ్లు రావు. దశరథం సారు నౌకరి మొత్తంల ఒక్క బండ పాతిచ్చుకోలె.

ఊరంత పెద్ద పైపులేసి మురికిని ఎక్కడికో పంపాలంటె మన తాతలు దిగొచ్చినా కాదు అని నాతోని అనేటోడు. "ఏ ఇంటి మురికి ఆ ఇంట్లనే మన్ను కావాలె రామస్వామీ." ఆయన చెప్పిన పద్ధతి చిన్నది. పాయఖానకు ఎనుక రెండు గుంతలు. మధ్యల ఒక చిన్న తొట్టి, దాంట్లకెల్లి రెండు గుంతలకు రెండు పైపులు. ఒక పైపుకు ఇటుక అడ్డం పెడ్తె రెండో గుంత నిండుకుంట పోతది. అది నిండినంక ఇటుక తీసి ఆ దిక్కు పెట్టాలె. నిండిన గుంతను మూసి పండబెట్టాలె. ఏడాదిన్నర దాటినంక తీస్తె అండ్ల మురికి ఉండదు, మన్ను ఉంటది. వాసన రాదు, చెట్టుకు ఎయ్యొచ్చు. తట్ట ఎత్తే పనే ఉండది.

కట్టుడు అల్కనే. సారు ఫికరంత కట్టినంక సంగతి మీదనే. "మనం పోయినంక నడుస్తదా?" అనేటోడు. మీటింగుల అదే మాట, చాయ తాగంగ అదే మాట. ఒకపారి నాకు చిర్రెత్తి, "యాడికి పోతం సార్ మనం?" అన్న. "ట్రాన్స్‌ఫర్ మీదనో, పాడె మీదనో పోతం గదనయ్యా" అన్నడు. అటెనుక నేను ఆ ప్రశ్న అడ్డం కొట్టలె.

అందుకే ఆయన మా మనుషులకు పని చేసుడు కాదు, నేర్పుడు నేర్పిండు. జవాన్లు అని ఉండేటోళ్లు, గల్లీలల్ల సఫాయి పని చూసుకునేటోళ్లు. బెత్తం ఊపుడు, ఒర్రుడు తప్ప వాళ్లకు వేరే భాష రాదు. సారు వాళ్లను కూసోబెట్టి, ఒకన్ని జవాను లెక్క, ఒకన్ని ఇంటామె లెక్క మాట్లాడుమనేటోడు. మీసాలున్న జవాను కొంగు కప్పుకొని "మా ఇంట్ల వద్దు పో అయ్యా" అంటాంటె మేం పొట్ట పట్టుకొని నవ్వేటోళ్లం. నవ్వుకుంటనే వాళ్లు మర్యాదగ మాట్లాడుడు నేర్సిన్రు.

కౌన్సిలర్లను గూడ ఇడువలె. ఆఫీసు ఎనుక జాగల ఒక కొత్త పాయఖాన కట్టిచ్చి, వాళ్లను పిలిసి, అందరి ముందట దాని మీద కూసోమన్నడు. మల్లె పువ్వసొంటి ధోతి కట్టుకున్న కౌన్సిలర్ ఒకాయన, "ఏందయ్యా ఇంజనీరూ, ఇజ్జత్ తీస్తానవా?" అని లొల్లి పెట్టిండు. "అన్నా, మీ వార్డుల ముసలమ్మలు దీని మీద కూసోవాలె. మీ మోకాళ్లకు కష్టమైతె వాళ్లకు కాదా?" అన్నడు సారు. ఆయన ఎటూ పాలుపోక ధోతి ఎగజెక్కి కూసున్నడు. లేవొస్తలేదు. నా చెయ్యి పట్టుకొని లేసి, "అరె మేస్త్రీ, కాళ్లు పెట్టే రాళ్లు జర దూరం జరుపు భై" అన్నడు. ఆ దినం సంది ఆయన వార్డుల ఎవలు పాయఖాన కట్టిచ్చుకున్నా పోయి కూసోని చూసేటోడు. గంత పట్టింపు ఉన్న కౌన్సిలర్ను నేను మళ్ల చూడలె.

యాకూబ్ మేస్త్రీ చేతి పని

గుంత లోపట ఇటుకల మధ్య సందులు ఇడుసుకుంట, జాలీ లెక్క కట్టాలె. నీళ్లు ఆ సందులల్లకెల్లి మన్నుల ఇంకాలె. ఊర్ల అందరికంటె మంచి చెయ్యి యాకూబ్ మేస్త్రీది, అందుకని మొదటి ఇండ్లు ఆయనకే ఇచ్చినం. కట్టిండు. కొన్ని దినాలకే గుంతలు నిండి పాయఖానల నీళ్లు పైకి రాబట్టినయి. ఇంటోళ్లు మా ఆఫీసుకొచ్చి నా ఖాందాన్‌ను ముట్టకుండ అన్ని తిట్లు తిట్టిన్రు.

పక్కన కొత్తగ కట్టి ఇంక వాడని గుంత ఒకటి ఉండె. సారు నిచ్చెన ఏసుకొని దిగిండు. లోపట ఒక్క సందు లేదు. నున్నగ సిమెంటు పూసి ఉన్నది, అద్దం లెక్క. నేను యాకూబ్‌ను దులుపుదామని నోరు తెరిసిన. సారు కిందికెల్లి చెయ్యి ఊపి నన్ను ఆపి, ఆ పూత మీద చెయ్యితోని నిమిరిండు. "ఎంత మంచిగ చేసినవు మేస్త్రీ" అన్నడు.

"క్యా కరూఁ సాబ్, ఏం చెయ్యాలె, నా చేతి పనిల సందులు కనవడితె రేపు నాకు ఇల్లు కట్టుమని ఎవలిస్తరు? గందుకే మూసిన" అన్నడు యాకూబ్.

"నిజమే. గని నేను జల్లెడ చేసియ్యమన్న, నువ్వు పొక్కలు మూసి పళ్లెం చేసిచ్చినవు."

యాకూబ్ గుంతలకు తొంగి చూసిండు. తర్వాత తల కొట్టుకొని నవ్విండు. తన సుత్తె తనే పట్టుకొని దిగి, తను పూసిన పూతను తనే కొట్టిండు. తర్వాత మిగిలిన మేస్త్రీలకు నేర్పింది ఆయనే. "సందు మూసుడు అందరికొస్తది, సందు ఇడుసుడు హునర్ భై, అదీ పనితనం" అనేటోడు. నేను ఆ దినం ఒర్రి ఉంటె మంచి మేస్త్రీ పోయేటోడు. పని మీద ప్రేమ, పావురం ఉన్నోడు తప్పు చేస్తె ఒర్రకుండ్రి, చూపెట్టుండ్రి. పావురం లేనోని మీద ఎంతన్న ఒర్రుండ్రి, ఫరక్ పడది.

హౌజు

ఇగ మగ్గాల గల్లీ వంతు వచ్చింది. జవాను ముందట పోయి, నేర్సిన మర్యాదతోనే, "అక్కలారా, అన్నలారా, ఇంటింటికి పాయఖానకు రెండు గుంతలు తవ్వుతం" అని చెప్పిండు. గల్లీల మగ్గాల సప్పుడు బందయింది. మల్లేశం చేతిల పోగు అల్లే నాడె పట్టుకొనే బయటికొచ్చిండు. ఆ గల్లీల పెద్ద నేతగాడు, అందరు ఆయన మాట ఇంటరు.

నేను పాలకుర్తి దిక్కు నేతోళ్ల బిడ్డనే, గందుకని నాకు ఎంటనే సమజైంది. నేతగాడు మగ్గం కింద తవ్విన గుంతల కాళ్లు పెట్టి కూసోని నేస్తడు. ఆ గల్లీల గుంత అంటె అదొక్కటే. పిలగాడు పనిల పడితె "గుంతల దిగిండు" అంటరు. నేత లేక పస్తులుంటె "గుంత ఎండింది" అంటరు. దసరకు దాన్ని అలికి బొట్టు పెడ్తరు. పరాయోళ్ల కాలు దాంట్ల పడనియ్యరు.

"తమ్మీ, నువ్వు నేతోని బిడ్డవేనా?" అని మల్లేశం నన్నే పట్టుకున్నడు. "మా నాయిన కూసున్న గుంత, నేను కూసున్న గుంత. గా మాట తీస్కపోయి పాయఖానకు పెడ్తరా? మా అన్నం గుంతకూ, ఆ గలీజుకూ ఒక్కటే పేరా?"

నేను ఏదో గట్టిగ అనబోయిన. సారు ముందటికొచ్చి చేతులు జోడిచ్చిండు. "తప్పు మాటనే వచ్చింది మల్లేశమన్నా. మీ ఇంట్ల ఉండేదానికి మీరే పేరు పెట్టుండ్రి" అని అరుగు మీద కూసున్నడు. పేరు పెట్టేదాక లేవ అన్నట్టే కూసున్నడు. గల్లీ మొత్తం జమైంది. ఒకలు బొంద అన్నరు. "నీ బొంద!" అని ఇంకోలు అనంగనే అందరు నవ్విన్రు. ఆఖరుకు మల్లేశం భార్య రాజవ్వ, "హౌజు అంటె ఏమాయె? నీళ్ల హౌజు లెక్క" అన్నది. అందరికి నచ్చింది.

సారు ఆమె దిక్కే మర్లి అడిగిండు. "అక్కా, మగ్గం కాడ కాళ్ల కింద రెండు కట్టెలుంటయి గదా. రెండూ ఒక్కపారి తొక్కితె?"

"బట్ట రాదు. ఒకటి దిగితె ఒకటి లేవాలె."

"మన హౌజులూ అంతే. ఒకటి పని చేస్తాంటె ఒకటి పండుకోవాలె."

ఇంతకంటె మంచిగ ఆ పద్ధతి చెప్పిన పుస్తకం నేనైతె చూడలె. ఆ ఎండకాలంలనే గల్లీ మొత్తం హౌజులు కట్టినం. ఎనుక సందుల చిన్న తలుపులన్ని యాకూబ్ ఇటుకలు పెట్టి మూసిండు. ఎల్లవ్వను మున్సిపాలిటీల రోడ్లు ఊడిసే పనికి తీసుకున్నరు, పర్మినెంట్ గ. ఆ దినం ఆమె తట్ట తెచ్చి సారు ముందట బోర్లిచ్చింది. "సారూ, ఇగ నన్ను మళ్ల పిలువరు గదా?" అన్నది.

నేను ఆమె గొంతుల భయం ఇన్నది గదొక్కపారే. పిలువరు ఎల్లవ్వా, బేఫికరుండు అంటడు అనుకున్న. సారు అనలె. "అది నా చేతిల లేదు ఎల్లవ్వా. ఆ గల్లీ చేతిల ఉన్నది" అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. ఒక్క మంచి మాట అంటె ఆయన సొమ్మేం పోయింది అనుకున్న. ఆమె మాత్రం తల ఊపి పోయింది.

ఒక్క ఇటుక

ఏండ్లు గడిసినయి. సారుకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ కాయిదం వచ్చింది. సామాను కట్టుకుంటాండు. అప్పుడే జవాను ఉరికొచ్చి చెప్పిండు. మగ్గాల గల్లీల మొదటి హౌజు నిండింది, మల్లేశం ఇంట్లనే. ఇటుక మార్చాలె. ఇంట్ల ఎవలు ముట్టరట. ఎల్లవ్వకు కబురు పంపిన్రట.

ఇయ్యాల ఎల్లవ్వ వచ్చి ఆ ఇటుక ముట్టిందంటె, రేపు పక్కింటోళ్లు పిలుస్తరు, ఎల్లుండి గల్లీ మొత్తం పిలుస్తది. ఆమె తట్ట మళ్ల ఆమె నెత్తి మీదికే వస్తది. సైకిల్ తీసిన. సారు అడ్డమొచ్చి, "యాడికి?" అన్నడు.

"నేనే పోయి మార్చొస్త సార్. చిటికెల పని."

"నువ్వు మార్చినవంటె ఆ గల్లీకి కొత్త ఎల్లవ్వ దొరికినట్టే. నీ తర్వాత ఎవలు? పో, కాని చెయ్యి పెట్టకు. జర నోరు గూడ కట్టుకో."

నన్ను నోరు కట్టుకొమ్మనుడు! గని పోయిన. చేతులు ఎనుక కట్టుకొని మల్లేశం అర్రల నిలవడ్డ. మల్లేశం మగ్గం గుంతల కూసోని నేస్తనే ఉన్నడు, నన్ను చూసి తల ఎత్తలె. మాకు హౌజు అనే పేరు మంచిగనే పనికొచ్చింది. కట్టనిచ్చింది. గని హౌజు అనేటాలకు అది మున్సిపాలిటీ వస్తువు అయిపోయింది, వాళ్లది కాలె. అది నాకు ఆ అర్రల నిలవడ్డంకనే ఎరికైంది.

ఎల్లవ్వ వచ్చింది. ముందటి తలుపు నుంచి వచ్చింది. గడప ఇవతల నిలవడ్డది. రాజవ్వ ఒక కొత్త చీర చేతిల పట్టుకొని ఎదురొచ్చి, "ఎల్లవ్వా, జర ఆ ఇటుక ఒక్కటి ఇటుది అటు పెట్టు. ఇగో, చీర తీసిపెట్టిన" అన్నది.

"చీర మంచిగున్నదక్కా. ఊకెనే ఇస్తె కట్టుకుంట. గా పనికైతె వద్దు."

మల్లేశం నేసుకుంటనే, "గిన్నేండ్లు చేసినవు, గిప్పుడేమాయె? ఒక్క ఇటుకనే గదనే" అన్నడు.

"ఒక్క ఇటుకనే గద మల్లేశమన్నా. మరి నువ్వే తియ్యరాదు?"

ఆయన నాడె ఇంకింత జోరుగ కొట్టిండు. నాకు నాలుక దురద పెడ్తాంది, పండ్లతోని అదిమి పెట్టిన. ఎల్లవ్వ మగ్గం దిక్కు చూసింది. "నీ కాళ్ల కింద గుంతల దుమ్ము పడ్తది, పోగులు పడ్తయి. గది ఎవలు ఊడుస్తరే?"

"నేనే ఊడుస్త. ఇంకోలను దిగనిస్తనా?"

"ఎందుకు దిగనియ్యవు?"

"నా గుంత గనుక."

"మరి ఎనుక ఉన్న గుంత ఎవలది అన్నా? నాదా?"

మగ్గం సప్పుడు ఆగింది. అదే గుంత అన్న మాట మీద ఒకనాడు గల్లీ మొత్తాన్ని లేపిన మనిషి. మళ్ల లొల్లి లేస్తదనుకున్న. లేస్తె సారు పద్ధతి, ఎల్లవ్వ పట్టు, అంతా ఆ దినంతోనే అయిపోయేది. మల్లేశం నాడెను పక్కన పెట్టిండు. రెండు చేతులు ఆనిచ్చి మెల్లగ గుంతలకెల్లి లేసిండు. పాత తువ్వాల నడుముకు చుట్టుకొని, మూలకున్న గడ్డపార తీసుకొని ఎనుకకు పోయిండు.

మేం ఎంట పోయినం. ఆయన తొట్టి మీద బండ లేపిండు, ముక్కు మూసుకోలె. లోపటికి చూసి, "ఎటు తమ్మీ?" అని నన్ను అడిగిండు. "నిండినదానికి అడ్డం పెట్టన్నా" అన్న. అంతే, ఇంకో మాట అనలె. ఇటుక తీసిండు, అటు పెట్టిండు, మన్ను మెత్తిండు, బండ మూసిండు. రాజవ్వ బాయి కాడ చేదతోని ఆయన నెత్తి మీద నీళ్లు పోసింది. తర్వాత చేతులు తుడుసుకొని, ఆ చీర తీసుకొచ్చి ఎల్లవ్వ చేతిల పెట్టింది. "ఊకెనే ఇస్తాన. కట్టుకో" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, ఎందుకు దాసుకోవాలె.

నేను మాపటికి పోయి చెప్తె దశరథం సారు ఒకటే అడిగిండు. "నువ్వు చెయ్యి పెట్టలె గదా?" లేదు సార్ అన్న. "అయితె నేను పోవొచ్చు" అని సామాను మూట ముడి బిగిచ్చిండు. ఆయన అసొంటి ఆఫీసరు కింద పని చేసిన అని చెప్పుకునేటందుకే నేను ఇదంత రాస్తాన.

గని ఆ ఇంట్ల ఆఖరు మాట నాది కాదు, సారుదీ కాదు. తడి బట్టలు మార్చుకొని మల్లేశం మళ్ల మగ్గం కాడికొచ్చిండు. ఎల్లవ్వ చీర సంకల పెట్టుకొని ముందటి గడప దాటుతాంది. పక్కింటాయన గోడ అవతలికెల్లి, "ఏం మల్లేశం, మగ్గం సప్పుడు ఆగింది, ఏమైందే?" అని ఒర్రిండు.

"ఏం కాలె. గుంత మార్చిన."

"ఏ గుంత?"

మల్లేశం మగ్గం గుంతల కాళ్లు పెట్టుకుంట, గడపల ఉన్న ఎల్లవ్వకు గూడ ఇనవడేటట్టు అన్నడు.

"నాదే."